ప్రసన్న వేసిన బాణం

పొద్దున ఆరున్నరకల్లా కోడూరు బస్టాండులో టీ కొట్టు తెరిచేవారు. జనం టీ తాగి, గోడ మీద రంగుతో వేసిన బాణం గుర్తు ముందు ఓ క్షణం నిలబడేవారు. అవనిగడ్డ వెళ్ళే మనిషి నిలబడితే అది ఆ బస్సు వైపు తిరిగేది, హంసలదీవి వెళ్ళే మనిషికి ఇటు తిరిగేది. లక్ష్మీప్రసన్న వేసిన బాణం మరి, తిరక్క ఏం చేస్తుంది?

తంటా అంతా ఆ ప్రసన్నతోనే. డిగ్రీ లెక్కల్లో తప్పింది. కొన్నాళ్ళు బోర్డులు రాసింది, ఆపైన బందరు కోర్టు బయట కూర్చుని అర్జీలు రాసింది, అదీ మానేసి డీటీపీ సెంటర్లో శుభలేఖలు కూర్చింది. ముప్పై ఒకటి నిండాయి. "ఏదో ఒకటి పట్టుకుని ఉండవే తల్లీ," అని అనీ అనీ, వాళ్ళ నాన్న రాధాకృష్ణమూర్తి మాస్టారు విసిగి ఊరుకున్నారు. ఊరందరికీ తిరిగే బాణం ఆమె నిలబడితే మాత్రం కదిలేది కాదు. ఆ బాధ ఎవరితో చెప్పుకుంటుంది పాపం.

రెండువేల అయిదులో హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ గోడకి సున్నం కొట్టించి, వేలితో తాకితే బస్సుల వివరాలు చెప్పే కంప్యూటరు పెట్టింది. తెలుగు అక్షరాలు కూర్చడానికి ప్రసన్నని నెల్లాళ్ళకి పిలిచారు. ఆ నెల ఇవాళ్టితో సరి. రేపట్నుంచి ఏం చెయ్యాలో ఆమెకు తెలీదు.

హంసలదీవి నుంచి వచ్చిన చిట్టెమ్మ కంప్యూటరు ముందు నిలబడి, పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "నేను వెళ్ళే ఊరు దీన్లో లేదండీ," అంది.

"చదవడం రాదేమో," అన్నాడు కంపెనీ ఇంజనీరు ఫణీంద్ర.

"ఏడు దాకా చదివాను బాబూ."

ప్రసన్న ఓ అట్ట తీసుకుని, తెర మీద ఊళ్ళ పేర్లన్నీ అలాగే రాసి, మధ్యలో కుంచెతో బాణం వేసి చిట్టెమ్మ ముందు పెట్టింది. బాణం పేర్లన్నీ దాటుకుని పోయి, ఓ మూల ఖాళీ చోటు చూపిస్తూ ఆగింది.

"ఎక్కడికి పిన్నీ?"

"బందరుకే అమ్మాయ్."

అట్ట మీద మచిలీపట్నం ఉంది, తెర మీదా అదే. కోర్టు బయట జనం బందరు అంటుంటే మచిలీపట్నం అని ఎన్ని అర్జీల్లో రాసిందో! ఇక్కడా తనే కూర్చింది, తనకే తట్టలేదు. ప్రసన్నకి సిగ్గేసింది. ఆ ఖాళీలో 'బందరు' అని రాసింది. చిట్టెమ్మ ఠక్కున దాని మీద వేలు పెట్టి, నవ్వుకుంటూ వెళ్ళి బస్సెక్కింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు ఫణీంద్ర.

"బోర్డుల దగ్గర కొంత, అర్జీల దగ్గర కొంత."

"వాడే జనానికి సులువుగా తెలిసేలా తీర్చడం ఇది, దీన్ని మావాళ్ళు యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ అంటారు. ఈ పనికి మనిషి కావాలి మాకు. హైదరాబాదు వస్తారా?"

డిగ్రీ లేదండీ అనబోయి అట్ట వైపు చూసింది. దాని ముందు తను తప్ప ఎవరూ లేరు. బాణం మెల్లగా కదిలింది. కదిలి కదిలి, కంప్యూటరు ముందున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి ఆగింది.

ప్రసన్నకి ఏడుపొచ్చేసింది. పమిటతో కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

"వస్తానండీ," అంది. "ముందు మిగతా ఊళ్ళని జనం ఏమంటారో అడిగి రాద్దాం."