ఖాళీ కొక్కెం

మధ్యాహ్నం భోజనాల వేళకే బయట కటిక చీకటి. భూమికి ఈ కొసన శీతాకాలమంతా సూర్యుడు ముఖం చూపించడు. నాకైతే ఆ చీకటి చూస్తేనే ఒళ్ళు మండుతుంది. మా అక్కకి మాత్రం అదే కావాలి. చీకటి ఉంటేనే ఆకాశంలో రంగులు చిమ్మే ధ్రువకాంతి కనబడుతుంది, దానికోసం ఆరేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

అక్క శాస్త్రవేత్త. ఆ కాంతి వెలిగినప్పుడు అంత పైన ఉండే పల్చటి గాలి ఎంత వేడెక్కుతుందో కొలవాలని ఆమె పట్టుదల. అంత ఎత్తుకి బెలూన్లు ఎక్కలేవు, అంత కిందికి ఉపగ్రహాలు దిగలేవు. అందుకే రాకెట్టు. పరికరాలు మోసుకుంటూ కాంతిలోంచి దూసుకుపోయి సముద్రంలో పడుతుంది. మొత్తం ముచ్చట కొన్ని నిమిషాలే. కాంతి సరిగ్గా మా నెత్తిన వెలిగినప్పుడే వదలాలి కాబట్టి, కౌంట్‌డౌన్ ఇంకా రెండు నిమిషాలుండగా ఆపేసి రోజుల తరబడి కాచుక్కూర్చుంటాం. ఇవాళ్టితో అనుమతి గడువు సరి. రేపు రాకెట్టు పెట్టెలోకి, అక్క ఆరేళ్ళు మట్టిలోకి.

నేను భద్రతాధికారిని. రాకెట్టు అంటుకోవాలంటే ముందు నా బల్ల మీది తాళం తిప్పాలి. కంట్రోల్ రూములో నా పక్క గోడకి కొక్కేల పలక ఉంటుంది, మనిషికొక ఇత్తడి బిళ్ళ. రాకెట్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ మెళ్ళో వేసుకుని వెళ్తారు, తిరిగొచ్చి తగిలిస్తారు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా తాళం తిప్పకూడదు.

ఇవాళ మధ్యాహ్నం నేను డ్యూటీ ఎక్కేసరికే ఒక కొక్కెం ఖాళీగా ఉంది. అది బావది.

బావంటే అక్క భర్త, మా రాకెట్టు మెకానిక్కు. చేతిపని బంగారం, బుర్ర చిల్లుకుండ. మేం పెట్టుకున్న పేరు మతిమరుపు మారాజు. ఈ శీతాకాలంలోనే రెండుసార్లు బిళ్ళ కోటు జేబులో వేసుకుని ఊరంతా తిరిగి, నా చేత చీవాట్లు తిన్నాడు. నాన్నా పులి కథ అయింది మా పలక. ఫోన్ చేసి పిలిపిద్దామని చెయ్యి చాచానో లేదో, ఆకాశాన్ని చూపించే కంప్యూటర్ తెరలన్నీ ఒక్కసారి పచ్చగా వెలిగాయి.

"వచ్చింది!" అని అరిచాడు కంప్యూటర్ల కుర్రాడు.

వర్క్‌షాపుకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. బావ వాకీటాకీ నా ఎదురుగానే చార్జర్‌లో కూర్చుని నన్ను వెక్కిరిస్తోంది. మైకులో పేరు పెట్టి పిలిచాను. సైరన్ మోగించాను. రాకెట్టు పక్కనున్న యంత్రాల గదిలో హీటరు హోరుకి ఆ సైరన్ వినబడదని నాకు తెలుసు. అక్కడి కెమెరాకి మంచు పట్టేసింది. ఎలక్ట్రీషియన్ని బావ గదికి పరిగెత్తించాను.

అక్క నా బల్ల దగ్గరికి వచ్చేసింది. "తిప్పవే! ఎందుకు ఆగావు?"

"బావ బిళ్ళ లేదక్కా."

"కోటు జేబులో ఉంటుంది, ఇంకెక్కడుంటుంది? పెళ్ళైన కొత్తలో నన్నే బస్టాండులో మర్చిపోయి ఇంటికెళ్ళిపోయిన మనిషి!"

"అయ్యుండొచ్చు. నేను కళ్ళారా చూడాలి."

"నేను చూశాగా! ఇందాకే. భోజనాల గదిలో టీ తాగుతున్నాడు."

చూపు తెర మీదినుంచి తిప్పకుండానే అంది. పచ్చటి తెర అంచున ఎర్రటి జీర మొదలైంది. ఆరేళ్ళలో ఇంతటి వెలుగు ఎప్పుడూ రాలేదు. నా వేళ్ళు తాళం మీదే ఉన్నాయి. నాకు భయం వేసింది, అక్క మీద కోపం కూడా వచ్చింది.

చిన్నప్పుడు అబద్ధాలు అల్లడంలో అక్కది అందెవేసిన చెయ్యి. అద్దం పగలగొట్టి పిల్లి మీదికి తోసేది. కానీ నా తల మీద చెయ్యి పెట్టి మాత్రం ఏనాడూ దొంగ ఒట్టు వెయ్యలేదు. వేస్తే నేను చచ్చిపోతానని ఇద్దరం గట్టిగా నమ్మేవాళ్ళం.

"నా మీద ఒట్టేసి చెప్పు" అన్నాను.

"పిచ్చా నీకు? ఇంతమంది ముందు చంటిపిల్లల్లా ఒట్లేమిటి?"

"వెయ్యక్కా."

అక్క చెయ్యి లేచింది. నా తలకి జానెడు ఎత్తున వచ్చి ఆగింది. చాలాసేపు అలాగే ఉండి, ఆ చెయ్యి పిడికిలై పక్కకి దిగిపోయింది.

"పొద్దున చూశానే" అంది. "ఇందాక కాదు."

నేను తాళం మీదినుంచి చెయ్యి తీశాను. తెర మీద ఎరుపు పోయింది, తర్వాత పచ్చదనం పల్చబడింది. "అయిపోయింది మేడమ్" అన్నాడు కుర్రాడు. అక్క కుర్చీ కూడా లాక్కోకుండా నేల మీద కూలబడింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఎలక్ట్రీషియన్. బావ గదిలో లేడు, భోజనాల గదిలోనూ లేడు, కోటు కూడా లేదన్నాడు. అక్క ఆ మాట విని లేచి నిలబడింది.

కాసేపటికి బయటి తలుపు తెరుచుకుంది. కనుబొమల నిండా మంచుతో బావ లోపలికొచ్చాడు. కోటు గుండీలు విప్పి, మెళ్ళోంచి బిళ్ళ తీసి గర్వంగా నా ముందు ఊపాడు.

"చూశావా మరదలా, ఈసారి మర్చిపోలేదు! వేడిగాలి గొట్టం క్లిప్పు వదులైనట్టు అనుమానమొచ్చి మళ్ళీ వెళ్ళాను. మీ అక్క రాకెట్టు గడ్డకడితే నా కొంప మునుగుతుంది కదా! బిళ్ళ తీసుకునే వెళ్ళాను. నీకు చెప్పడమే మర్చిపోయాను." బిళ్ళ కొక్కేనికి తగిలించి తెరల వైపు చూశాడు. "ఏంటి, ఇంకా రాలేదా?"

అక్క రెండు పిడికిళ్ళతో అతని గుండెల మీద దబదబా బాది, ఆ మంచు కోటులోనే ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తను చేసిన తప్పేంటో తెలియక బావ నా వైపు బిత్తరచూపులు చూశాడు.

అందరూ వెళ్ళాక అక్క నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తాళం వైపు చూస్తూ అడిగింది. "నేను ఒట్టేసి ఉంటే, తిప్పేదానివా?"

"ఛ! కొక్కెం ఖాళీగా ఉంటే ఎలా తిప్పుతాను? రూలు రూలే."

అక్క తల వంచి నా ముందుకి జరిపింది.

"అయితే నా మీద ఒట్టెయ్యి."

నా చెయ్యి లేవలేదు.