కుడివైపు బుస

జిరైర్ మా అయిదో అంతస్తుకు చేరేసరికి అతనికి ఊపిరి అందడం లేదు. సర్కారు కరెంటు లేదు. పేట జనరేటర్ ఇచ్చేది లిఫ్టుకు చాలదు. గుండెకు హత్తుకుని తెచ్చిన చెక్క పెట్టెను గడప దగ్గరే దించి, దాని పక్కన చతికిలపడ్డాడు.

"నీళ్లు, మదాం విదాద్. ముందు నీళ్లివ్వండి, తర్వాత తిట్టండి."

"తిట్టే ఓపిక ఎక్కడిది నాయనా? ఏం మోసుకొచ్చావు, బండరాళ్లా?"

"బ్యాటరీలు."

నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. పొద్దున్నుంచీ మోకాళ్లు లాగేస్తున్నాయి. మా ఆయన సుహైల్ కిటికీ దగ్గర కుర్చీలో కునుకుతున్నాడు. ఆయన రేడియో స్టేషన్ రికార్డింగ్ గదిలో పనిచేసి రిటైరైన మనిషి. బేరూత్‌లో పాటల పిచ్చి ఉన్నవాళ్లు కొత్త యాంప్లిఫయరో స్పీకరో కొనాలంటే ఇప్పటికీ ఆయన చేత ఒక మాట అనిపించుకోవాల్సిందే. ఆయన బాగుందంటే బాగున్నట్టు. వచ్చినవాళ్లకు కాఫీ పెట్టడం నా వంతు. నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు. అడిగితే బాగుండునని నాకూ లేదు.

జిరైర్‌కు బుర్జ్ హమ్మూద్‌లో పాత రేడియోలు బాగుచేసే కొట్టుంది. అతను సుహైల్‌ను లేపి, పెట్టె మూత తీసి ఆయన ముందు పెట్టాడు. లోపల పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు రెండు, కింద వరసగా బ్యాటరీలు.

"ఉస్తాద్, రికార్డు మీద సూది దగ్గర పుట్టే శబ్దం చీమంత. దాన్ని మొదట పెద్దది చేసేది ఈ పెట్టే. అక్కడ జనరేటర్ మోత కలిసిందంటే పాటతోపాటు అదీ పెరుగుతుంది. అందుకే దీన్ని గోడ ప్లగ్గుకు తగిలించే పనే పెట్టుకోలేదు. అంతా బ్యాటరీల మీదే."

"వాల్వులు బ్యాటరీలను తాగేస్తాయి కదయ్యా."

"తాగనివ్వండి. ఒక పూట పాటలకు సరిపోతే చాలు. మర్నాడు ఛార్జి చేసుకోవడానికి మేడ మీద సోలార్ పలకలున్నాయిగా. అయిదుగురు అడిగారు. మీరు ఊ అంటే చేసిస్తాను."

రికార్డు ప్లేయరుకూ మా పెద్ద యాంప్లిఫయరుకూ మధ్య దాన్ని కలిపారు. వాల్వులు నిప్పుకణికల్లా ఎర్రబడేదాకా ఆగి, ఊద్ అనే తీగవాద్యం వాయిస్తూ ఒకావిడ పాడిన పాత రికార్డు పెట్టారు.

సూది ఆనింది. ఎప్పుడూ పాట అడుగున గుయ్యిమంటూ ఉండే మోత లేదు. అది ఎన్నేళ్లుగా ఉందో, దాన్ని వింటున్నామన్న సంగతే మరిచిపోయాం. నా భుజాలు వాటంతటవే కిందికి జారాయి. ఇంతకాలం వాటిని బిగబట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది. పాట ఎత్తుకునే ముందు ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. దాని వెనకే, కుడి స్పీకర్లోంచి సన్నగా ఇంకేదో.

సుహైల్ కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. పాట అయ్యాక, "శుభ్రంగా ఉంది. వంక పెట్టడానికి లేదు. చేసిచ్చెయ్," అన్నాడు.

జిరైర్ మొహం విప్పారింది. నేను నోరు మూసుకుని చిక్కుడుకాయలు చూసుకోవాల్సింది.

"కుడివైపు ఏదో బుస కొడుతోంది," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"వంటింట్లో గ్యాస్ కట్టెయ్యలేదేమో చూడు, హబీబ్తీ," అన్నాడు సుహైల్.

"గ్యాస్ వంటింట్లో ఉంది. ఇది స్పీకర్లో ఉంది."

"ఉస్తాద్ చెవికి అందని బుస మీకెలా అందింది మదాం?" అని జిరైర్ నవ్వాడు. నవ్వుతూనే వెళ్లి కుడి స్పీకరుకు చెవి ఆనించాడు. నవ్వు ఆగిపోయింది. సుహైల్ కూడా వంగి ఆ స్పీకరుకు, తర్వాత రెండోదానికి, మళ్లీ మొదటిదానికి చెవి పెట్టాడు.

"ఏమీ లేదే," అన్నాడు. జిరైర్ చూపు వాల్వుల మీదికి తిప్పుకున్నాడు. సుహైల్ అతని మొహంలోకి చూశాడు. "నీకు వినిపిస్తోంది. అవునా?"

"కొంచెం, ఉస్తాద్. మా కొట్టు పక్కనే జనరేటర్. ఆ రొదలో నాకూ తెలియలేదు."

సుహైల్ కుర్చీలో కూర్చున్నాడు. "అన్నీ ఆపేసి, చల్లారాక వాల్వులు అటుది ఇటు మార్చు," అన్నాడు. జిరైర్ గుడ్డతో పట్టుకుని మార్చాడు. మళ్లీ వేడెక్కాక సుహైల్ నన్నడిగాడు. "ఇప్పుడు ఎటు?"

"ఎడమవైపు."

"అయితే తప్పు ఆ వాల్వుదే. పెట్టె బాగానే ఉంది," అని కిటికీ వైపు చూశాడు. "ఈ మధ్య బాల్కనీలోకి పిట్టలు రావడం మానేశాయనుకున్నాను."

పిట్టలు రోజూ వస్తూనే ఉన్నాయి. ఆ మాట నేను అనక్కర్లేకపోయింది.

"ఇకమీదట నా మాట మీద ఎవరికీ ఏదీ అమ్మకు, జిరైర్. నా చెవులు పోయాయి."

"ఆగండి ఉస్తాద్. బుస పట్టింది మదాం. అది ఎక్కడిదో తేల్చింది మీరు. నేనొక్కణ్నే అయితే దాంతోనే అమ్మేసేవాణ్ని."

"ఓదార్చకయ్యా. అలిసిపోయాను," అన్నాడు సుహైల్. పెట్టెను మెట్ల మీదుగా కిందికి దించడానికి మాత్రం అతనితో పాటు తనూ ఒక చెయ్యి వేశాడు.

జిరైర్ కొత్త వాల్వు వేసుకుని మళ్లీ వచ్చాడు. బుస లేదు, కానీ ఊద్ తీగలు గుడ్డ కప్పినట్టున్నాయన్నాను. "ఎలాంటి గుడ్డ? మందందా, పల్చందా?" అని సుహైల్ నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. తర్వాత జిరైర్‌కు పెట్టె లోపల ఒక చిన్న విడిభాగం చూపించి, దాన్ని మార్చమన్నాడు. మూడోసారి నేను బాగుందన్నాను. అయిదుగురూ తీసుకున్నారు.

ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా ఇద్దరం కూర్చుంటాం. ఆయన నా మొహం చూసి మాట చెబుతాడు. నన్ను కూడా అడుగుతున్నారని సంతోషించాలేమో. కాఫీ మాత్రం ఇంకా నేనే పెడుతున్నాను. వచ్చినవాళ్లు వెళ్లాక ఒక్కోసారి ఆయన తనకోసం ఒక రికార్డు పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆయనకు అందులో ఎంత వినబడుతోందో నేను అడగను.