కోళ్లగంపలో గద్దపిల్ల

శ్రీరాంపూర్ కాలనీలో చివరి వరుస క్వార్టర్ల వెనక ప్రహరీ గోడ ఉంది. ఆ గోడ దాటితే అడవే. కమలవ్వ ఇల్లు ఆ వరుసలో చిట్టచివరిది. భర్త బుచ్చిరాములు బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో, పని చేస్తాడు. పిల్లల పెళ్లిళ్లయ్యాక ఆమెకు కోళ్లే లోకమయ్యాయి. ఏ పెట్ట గుడ్లు పెట్టి పొదుగు మీద ఓపిగ్గా కూర్చుంటుందో, ఏది మధ్యలో లేచి తిరుగుళ్లకు పోతుందో ఆమెకు బాగా తెలుసు. అన్నింటిలోకీ ఆమెకు ముద్దు ఎర్రపెట్ట.

డిసెంబరులో ఒక పొద్దున కమలవ్వ నూకలు చల్లి వెనక్కి తిరిగిందో లేదో, వాకిట్లో పెద్ద నీడ పడింది. కోళ్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. ఆమె తలెత్తేసరికి ఎర్రపెట్ట గాలిలో ఉంది. పట్టుకుపోతున్నది మామూలు గద్ద కాదు. రెక్కలు చాపితే నులకమంచమంత ఉంది.

పక్క క్వార్టరు డాబా మీద రషీదా బట్టలు ఆరేస్తోంది. ఆమె మిషను కుడుతుంది. భర్త ఫజలుద్దీన్ కూడా బాయిలోనే, మోకులూ ఇనుపతాళ్లూ చూసే పనిలో ఉన్నాడు. రషీదా పిట్టగోడ పట్టుకుని వంగి అరిచింది.

"అక్కా! ఎంత పెద్దగున్నదో చూసినవా? తలకాయ మీద కుచ్చు గూడ ఉన్నది!"

"నా పెట్టను ఎత్తుకపోతుంటే నువ్వు కుచ్చు చూస్తున్నవా?" అంది కమలవ్వ. ఆ రోజు ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

గద్ద పోయి వాలింది గోడ అవతలి నల్లమద్ది చెట్టు మీద. ఒకటి కాదు, జంట. ఎండుపుల్లలు తెచ్చి, చెట్టు నడినెత్తిన కొమ్మ చీలిన చోట పేరుస్తున్నాయి. రషీదా డాబా మీదికి అది తేటగా కనబడేది. కుట్టుపని మధ్యలో ఆమె దారప్పోగు నోట్లో పెట్టుకునే మెట్లెక్కి చూసి వచ్చేది. సాయంత్రం గోడ దగ్గర నిలబడి కబురు చెప్పేది.

"ఇయ్యాల పచ్చాకుల కొమ్మలు తెచ్చి పరిచినయ్ అక్కా. మంచిగ మెత్తగ చేసుకుంటున్నయ్."

"నీ గద్దల ముచ్చట నాకు చెప్పకు."

"నా గద్దలెట్లయినయ్?"

"నువ్వే గదా దినాం చూసేది. నీవే!"

ఇంకో కోడిపిల్ల కూడా పోయాక కమలవ్వ ఊరుకోలేదు. స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని రోజూ గోడ దగ్గర నిలబడి వాయించడం మొదలుపెట్టింది. గద్దలు కిందికి ఒకసారి చూసి, మళ్లీ తమ పనిలో పడేవి. నిద్ర చెడింది మాత్రం రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న బుచ్చిరాములుకే.

"అడవి పక్కన ఉండి గద్దలు రావద్దంటే ఎట్లనే?" అన్నాడతను దుప్పటి ముఖం మీదికి లాక్కుంటూ.

"నువ్వు చెట్టెక్కి గా గూడు పీకెయ్యి, పళ్లెం కొట్టుడు నేనే బంద్ జేస్త."

అతను ఎక్కలేదు. దాంతో ఆమే అటవీశాఖ ఆఫీసుకు పోయి ఫిర్యాదు చేసింది. మరునాడు రోజారాణి అనే బీట్ ఆఫీసరు స్కూటీ మీద వచ్చింది. ఇరవై అయిదేళ్ల పిల్ల. రషీదా డాబా ఎక్కి, మెడలోని బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్నదే తడవు ముఖం వెలిగిపోయింది.

"అవ్వా! ఇది జుట్టు డేగ. ఇండ్ల పక్కన గూడు పెట్టుడు నేను ఎన్నడు చూడలే. మీ కాలనీది మస్తు అదృష్టం!"

"అదృష్టమా? నా పెట్ట పాయె, పిల్ల పాయె. గూడు తీపియ్యి బిడ్డా."

"తీస్తే కేసైతది అవ్వా. కోళ్లు తిరిగే జాగ మీద వల లెక్క జాలి కడుదాం, ఇంక పట్టుకపోదు. ఒక్కసారి నువ్వు గూడ చూడు."

కమలవ్వ అయిష్టంగానే బైనాక్యులర్ అందుకుంది. మొదట ఆకులు కనబడ్డాయి, తరువాత పుల్లలు. ఆ పుల్లల నడుమ ఆడగద్ద కడుపు గూటికి ఆనించి, రెక్కలు కొంచెం వదులు చేసి, కదలకుండా కూర్చుని ఉంది. కమలవ్వ చాలాసేపు చూసింది. రషీదా, రోజారాణి ఆమె ముఖం వైపే చూస్తున్నారు.

"పొదుగు మీదున్నది," అంది చివరికి బైనాక్యులర్ దించుతూ. దాన్ని రోజారాణి చేతిలో పెట్టి, "పొదుగు మీదున్నదాన్ని అదిలియ్యద్దు," అని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రమే ఫజలుద్దీన్ ఎక్కడినుంచో పాత ఆకుపచ్చ జాలి తెచ్చి కోళ్లకు పందిరి వేశాడు. పళ్లెం మోత ఆగిపోయింది. రషీదా డాబా మీద రెండో కుర్చీ పడింది.

ఫిబ్రవరిలో కాలనీలో ఒక పెళ్లి జరిగింది. బరాత్ ముందు డీజే బండి గుండెలదిరేలా మోగుతూ చివరి వరుసలోకి మలుపు తిరిగింది. కమలవ్వ పోయి బండికి అడ్డంగా నిలబడి చేతులు చాపింది.

"ఆపుండ్రి!"

పాట ఆగింది. "ఏమైందవ్వా? ఇంట్ల పానం బాగలేదా ఎవలికన్న?" అని అడిగారు ఆడుతున్నవాళ్లు.

"మా ఇంటెనక పొదుగు మీదున్నది. గింత సప్పుడైతే లేచిపోతది."

"కోడా?"

"గద్ద."

బరాత్ అంతా గొల్లున నవ్వింది. కారులోంచి పెళ్లికొడుకు తల బయట పెట్టి, "అవ్వ చెప్పినట్టు చెయ్యుండ్రి. సందు దాటేదాక సౌండు తగ్గియ్యుండ్రి," అన్నాడు. చెవిలో చెప్పినట్టు మెల్లగా మోగుతున్న పాటకు అందరూ చిందులేస్తూ ఆ సందు దాటారు. మరునాటికి కమలవ్వ పొదుగు సంగతి కాలనీ మొత్తానికి తెలిసిపోయింది.

రంజాన్ నెలలో పిల్ల బయటపడింది. దూదిపింజ లాంటి తెల్లటి తల, పెద్ద నల్లటి కళ్లు. ఒక్కటే పిల్ల. రషీదా సాయంత్రం ఖర్జూరం పళ్లెం పట్టుకుని డాబా మీదికి వచ్చేది. ఉపవాసం విడిచే సైరను కోసం ఆమె ఎదురుచూస్తుంటే, అక్కడ మగగద్ద ఉడుతనో తొండనో తెచ్చి గూట్లో పడేసేది. తల్లి దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చీల్చి పిల్ల నోటికి అందించేది.

"చూడక్కా, నాకన్న ముందు అదే ఇఫ్తార్ చేస్తున్నది!" అనేది రషీదా.

"చిన్న పానం గదా. ఆగుతదా?" అనేది కమలవ్వ.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. రేకులు ఎగిరాయి, కరెంటు పోయింది. గాలి హోరులో గోడ అవతల కొమ్మ విరిగిన చప్పుడు వినబడింది. వాన కొంచెం తగ్గగానే కమలవ్వ బుచ్చిరాములు తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరింది.

"ఎటు పోతున్నవే ఈ వానల?"

"గా పిల్ల ఏమైందో చూసొస్త."

గూడు సగం కూలిపోయింది. పొదల్లో తడిసి ముద్దయిన గద్దపిల్ల నిలబడలేక రెక్కలు ఈడ్చుకుంటోంది. పుంజంత ఉంది. తెల్లటి నూగులోంచి గోధుమరంగు ఈకలు మొలుస్తున్నాయి. ఆమెను చూసి నోరు తెరిచి బుసకొట్టింది. కమలవ్వ తువ్వాల దాని మీద కప్పి రెండు చేతులా ఎత్తుకుంది. గోళ్లు దిగి మోచేయి చీరుకుపోయినా వదల్లేదు.

ఇంటికి తెచ్చి వరండాలో గోనెపట్టా పరిచి, దానిమీద పిల్లను పెట్టి, కోళ్లు కమ్మే వెదురు గంప బోర్లించింది. జాలి పందిరి కింది కోళ్లన్నీ కొక్కొక్కుమంటూ మూలకు చేరాయి. పుంజు అరవడం ఎంతకూ ఆపలేదు. ఫజలుద్దీన్ బండి మీద పోయి మాంసం తెచ్చాడు. రషీదా దాన్ని ముక్కలు కొట్టింది. కమలవ్వ గంప కొంచెం ఎత్తి, పొయ్యి దగ్గరి పట్టుకారుతో ఒక ముక్క అందించింది. పిల్ల ముఖం తిప్పుకుంది. ఆమె ఓపిగ్గా ముక్కను దాని ముక్కుకు ఆనిస్తూ కూర్చుంది. కాసేపటికి అది టక్కున లాక్కుని మింగింది. తరువాత ఇంకొకటి, ఇంకొకటి.

"అరె, షిఫ్టు దిగొచ్చిన మొగని లెక్క తింటున్నదే!" అంది కమలవ్వ. పక్కన అన్నం తింటున్న బుచ్చిరాములు ముద్ద చేతిలో పట్టుకునే నవ్వాడు.

తెల్లవారి రోజారాణి వచ్చింది. పిల్లకు దెబ్బలేమీ తగల్లేదని చూసుకుని, "జంతుశాలకు పంపిస్తే ఎగురుడు, వేటాడుడు నేర్చుకోదు. తల్లీతండ్రీ ఈన్నే తిరుగుతున్నయ్. చెట్టు మీద పెట్టుడే మంచిది. గని గూడే లేకపాయె," అంది ఆలోచిస్తూ.

కమలవ్వ గంప వైపు చూసింది. పిల్లను తువ్వాలలో చుట్టి రషీదా చేతుల్లో పెట్టి, గంపను వెల్లకిలా తిప్పింది.

"దీన్ని మీద కడితే ఆగదా? లోపల పుల్లలు పరుద్దాం."

రోజారాణి ఆమెను గట్టిగా వాటేసుకుంది.

పక్క ఊరి నుంచి శ్రీహరిని పిలిపించారు. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఫజలుద్దీన్ బాయిలో పెట్టుకునే తన గట్టి టోపీ అతని తలకు పెట్టి, మోకు నడుముకు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. శ్రీహరి కొమ్మల మధ్యకు చేరగానే తల్లిగద్ద ఎటునుంచో దూసుకొచ్చి టోపీ మీద ఒక్కటి ఇచ్చింది. ఆ చప్పుడు కిందికి కూడా వినబడింది.

"పెద్దమ్మా! తేనెటీగలు కుట్టినయ్ గని, గిట్ల నెత్తిమీద మొట్టుడు నేను ఎన్నడు చూడలే!" అని అరిచాడు పైనుంచి.

"బిడ్డ కోసం కొడుతున్నది, ఏమనుకోకు!" అంది కమలవ్వ.

తాడుతో గంప పైకి లాగి కొమ్మ చీలికలో బిగించి కట్టాడు. తరువాత సంచిలో పిల్ల పైకి వెళ్లింది. శ్రీహరి దాన్ని గంపలో దించి, జారుతున్నట్టే కిందికి వచ్చేశాడు.

ఇక అందరూ డాబా మీదికి చేరారు. తల్లిగద్ద దూరంగా ఇంకో చెట్టు మీద కూర్చుంది. గంప వైపు చూస్తుంది తప్ప రాదు. మధ్యాహ్నమైంది. ఎండ మాడిపోతోంది. పిల్ల ఉండి ఉండి సన్నగా అరుస్తోంది. కమలవ్వ పొయ్యి వెలిగించలేదు. రషీదా పెట్టిన అన్నం కూడా ముట్టలేదు.

"మన చేతులు తగిలినయని రాదేమో," అంది కమలవ్వ.

"ఫికర్ చెయ్యకక్కా. నేను గట్ల అరిస్తే మా అమ్మ రాకుంటుండెనా?" అంది రషీదా. కానీ ఆమె గొంతులోనూ ధైర్యం లేదు.

పొద్దు వాలుతుండగా మగగద్ద ఉడుతను తెచ్చి తల్లికిచ్చింది. తల్లి దాన్ని కాళ్ల కింద పట్టుకుని కాసేపు కూర్చుంది. తరువాత ఒక్క ఊపున లేచి వచ్చి గంప అంచు మీద వాలింది. గంప ఊగింది. అది రెక్కలు విప్పి నిలదొక్కుకుని, వంగి ముక్క చీల్చింది. పిల్ల నోరు తెరిచింది.

రషీదా కేకేసింది. ఫజలుద్దీన్, శ్రీహరి చేతులు కలుపుకున్నారు. కమలవ్వ మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రషీదా, గా అన్నం ఇటియ్యి, ఆకలైతున్నది," అంది.

మే నెలాఖరుకు పిల్ల గంప అంచున నిలబడి రెక్కలు కొట్టడం మొదలుపెట్టింది. ఒకనాడు అలా కొడుతూ కొడుతూ అనుకోకుండా గాలిలోకి లేచింది. ఎలా దిగాలో దానికి తెలియలేదు. నేరుగా వచ్చి, తొక్కు పెట్టడానికి రషీదా ఆరబెట్టుకున్న మామిడి ముక్కల మధ్య పడింది. ముక్కలు నలుదిక్కులా ఎగిరాయి.

"హాయ్ అల్లా! నా తొక్కు!"

"ఇప్పుడెట్లున్నది? నా పెట్ట పోయిననాడు నువ్వు కుచ్చు చూస్తివి గదా," అంది కమలవ్వ పడీపడీ నవ్వుతూ. "చూడు, దీనికి గూడ కుచ్చు మొలుస్తున్నది!"

పిల్ల ఇద్దరినీ కోపంగా చూసి, పిట్టగోడ ఎక్కి, రెండు ప్రయత్నాల తరువాత నల్లమద్దికి చేరుకుంది.

వానలు పడ్డాయి. ఎడమ రెక్క కొంచెం వంచే అలవాటుతో పిల్ల ఎగరడం నేర్చింది, కానీ తిండికి మాత్రం తల్లి మీదే ఆధారం. పొద్దంతా కొమ్మ మీద కూర్చుని అరిచేది. తల్లి తేవడం తగ్గించింది. అరుపు వినలేక కమలవ్వ ఒకసారి మాంసం ముక్క పట్టుకుని గోడ దగ్గరికి పోయింది. వేటాడుడు నేర్చుకోదన్న రోజారాణి మాట గుర్తొచ్చి, తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ వారంలోనే గోడ పక్క గడ్డిలోకి దభీమని దూకి, ఒక పందికొక్కును పట్టుకుని లేచింది పిల్ల. బరువుకు వంకరటింకరగా ఎగిరినా వదల్లేదు. ఆ సాయంత్రం కమలవ్వ బియ్యప్పిండితో సర్వప్పలు చేసి వరుసలోని ఇళ్లన్నింటికీ పంచింది. ఏం పండుగని అడిగినవాళ్లకు, "మా పిల్ల సొంతంగ తిన్నది," అని చెప్పింది.

వానాకాలం వెళ్లేసరికి అది కనబడటం మానేసింది. ఒకరోజు లేదు. మర్నాడూ లేదు. కమలవ్వ డాబా మీదికి పోయి ఊరికే కూర్చుని వచ్చేది. బుచ్చిరాములు గమనించి, "రెక్కలొచ్చినంక గూట్లె ఎందుకుంటదే? మంచిగున్నది గనకనే పోయింది," అన్నాడు.

"నాకు తెలువదా?" అంది ఆమె. అన్నది గానీ, చూపు చెట్టు మీదే ఉంది.

బతుకమ్మ రోజులు వచ్చాయి. పూల కోసం కమలవ్వ, రషీదా గోడ అవతలికి వెళ్లారు. గునుగుపూలు తెంపుతుంటే పైనుంచి సన్నటి కూత వినబడింది. ఇద్దరూ తలలెత్తారు. బొగ్గు తవ్వి పోసిన మట్టి గుట్టలకు పైన ఒక గద్ద తిరుగుతోంది. రెక్క ఆడించకుండా గాలి మీద తేలుతూ పైపైకి పోతోంది. లేత రంగు రొమ్ము ఎండలో మెరిసింది.

"అదేనా అక్కా?" అంది రషీదా కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని.

"అదే. ఎడమ రెక్క కొంచెం వంచి తిరుగుతది, చూడు." మెడ నొప్పి పుట్టేదాకా కమలవ్వ అలాగే చూసింది. గద్ద చుక్కంతయి, గోదావరి వైపు మళ్లింది. ఆమె ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"ఎంత మంచిగ ఎగురుతున్నదే!" అంది. తరువాత కొంగులోని పూలు సర్దుకుని, "పద రషీదా, ఎండ ముదురుతున్నది. తంగేడు ఇంకా తెంపనే లేదు," అంటూ ముందు నడిచింది.