నేను వినని సగం

మా అక్క పెంచలమ్మ నలభై ఏళ్ళు కచేరీలు చేసింది. నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఒక పత్రిక నెల్లూరు జిల్లా పేజీలో సంగీత సమీక్షలు రాశాను. అన్నేళ్ళలో అక్క పాట గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఉత్సవంలో నాలుగు కచేరీలు జరిగితే మూడింటి గురించి వివరంగా రాసి, నాలుగోది అక్కది కాబట్టి ‘తదితరులు పాల్గొన్నారు’ అని తేల్చేసిన రోజులున్నాయి. సొంతవాళ్ళ గురించి రాయకూడదని నా నియమం. హరినాథ్ గారు నిప్పు అని ఎవరైనా అంటే లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. పెద్ద నిప్పు!

అసలు నాకు రాగమంటే ఏమిటో చెప్పింది అక్కే. బిట్రగుంట రైల్వే కాలనీలో మా నాన్న గార్డు. అమ్మ పోయేటప్పటికి నాకు మూడేళ్ళు, అక్కకు పదకొండు. అన్నం వండుతూ నాలుగు స్వరాలు పాడి, ఇదేం రాగమో చెప్పమనేది. తప్పు చెబితే ఆ పూట నెయ్యి ఉండేది కాదు. నెయ్యి కోసం నేర్చుకున్న విద్యతో ఊళ్ళో విద్వాంసులందరికీ మార్కులు వేశాను.

అక్క ఎన్నడూ రాయమని అడగలేదు. కచేరీ చేసిన మర్నాడు మాత్రం పొద్దున్నే పేపరు తెప్పించుకుని, జిల్లా పేజీ రెండు వైపులా చూసి, మడిచి పక్కన పెట్టేది. అది నేను నా కళ్ళతో చూశాను. చూసి కూడా నియమం, నియమం అనుకుంటూ కూర్చున్నాను.

మొన్న ఫిబ్రవరిలో అక్క గొంతులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ తప్పదనీ, గొంతు మళ్ళీ వస్తుందని మాట ఇవ్వలేమనీ చెన్నై డాక్టరు చెప్పాడు. ఆ వారమే అక్క మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

“హరీ, సోమవారం ఆపరేషన్. శనివారం మైపాడు అవతల పట్టపుపాలెంలో పాడతానని ఒప్పుకున్నా. అదే ఆఖరుది. దాని గురించి రాస్తావా?”

“రాస్తానక్కా.”

“పొగడబాక. ఎట్టుంటే అట్టనే రాయి. నీ చెవికి నా పాట ఎట్టా వినిపిస్తదో ఇన్నేళ్ళయినా నాకు తెలీదురా. ఒక్కసారి తెలుసుకోవాల.”

ఆదివారం మధ్యాహ్నం చెన్నైకి బయల్దేరాలి. అంతకు ముందే, ఆదివారం పేపర్లోనే రావాలని పట్టు పట్టాను. ఆ పట్టే కొంప ముంచింది.

మా పని ఎలా జరుగుతుందో చెప్పాలి. జిల్లా పేజీ ఏడు గంటలకు మూసేస్తారు. కచేరీలేమో ఎనిమిది దాకా సాగుతాయి. అందుకని పాడేవాళ్ళ దగ్గర పాటల జాబితా ముందే రాయించుకుంటాం. మొదటి గంట విని, మిగతాది జాబితా చూసి రాసేస్తాం. ఆ మనిషి తోడి రాగం ఎలా పాడతాడో మనకు తెలుసు, పాడాడని రాస్తే తప్పేముంది? మంగళం ఎలాగూ పాడతారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చాను. ఎవరూ పట్టుకోలేదు, నాకూ తప్పనిపించలేదు.

పాలెంలో రామాలయం ముందు పందిరి వేశారు. పక్కన వలలు ఆరేసి ఉన్నాయి. ఊరి పెద్ద ముత్యాలయ్య నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వయొలిన్ మీద చంద్రమౌళి. పాతికేళ్ళుగా అక్క పక్కన వాయిస్తున్న మనిషి. ఐదున్నరకు మొదలైంది. గొంతు కొంచెం బొంగురుగానే ఉంది, కానీ కల్యాణి ఎత్తుకోగానే ఆ బొంగురే కల్యాణికి కొత్త బరువు తెచ్చింది. చేపల గంపలు దించి నిలబడ్డ ఆడవాళ్ళు కూడా కదల్లేదు. ఇంత గొప్ప పాటను ఇన్నాళ్ళూ తదితరుల్లో పడేశానా అని సిగ్గేసింది.

ఆరుంబావుకి లేచాను. పాలెంలో ఫోను సిగ్నల్ అందదు, ఇందుకూరుపేట సెంటరుకు వెళితేగానీ రాసింది పంపలేను. అక్క పాడుతూనే నా వైపు చూసింది. సెల్‌ఫోను ఎత్తి చూపించాను. తల ఊపింది. పొమ్మందనే అనుకున్నాను.

సెంటర్లో టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాశాను. కల్యాణి గురించి విన్నది రాశాను. ఆ తర్వాత జేబులోంచి జాబితా తీశాను. ‘తోడిలో చరణం అందుకున్నప్పుడు పై స్థాయిలో ఆమె గొంతు నిలిచిన తీరు మరువలేనిది. మంగళంతో కచేరీ నిండుగా ముగిసింది’ అని రాసి పంపించాను. డెస్కులో షారన్ వెంటనే ఫోన్ చేసింది. పని నా దగ్గర నేర్చుకున్న పిల్ల.

“మీ అక్కగారి గురించా సార్! ఇన్నాళ్ళకా! ఫొటోతో నాలుగు కాలమ్‌లు ఇస్తా.”

అప్పుడైనా పాలేనికి తిరిగి వెళ్ళవలసింది. వెళ్ళేసరికి అయిపోతుందిలే అనుకున్నాను. ఎదురుగా నెల్లూరు బస్సు కనబడింది, ఎక్కేశాను.

ఆదివారం పొద్దున్నే నాలుగు పేపర్లు కొనుక్కుని మొదటి రైలుకు బిట్రగుంట పోయాను. అక్క బట్టలు సర్దుకుంటోంది. కళ్ళజోడు పెట్టుకుని పైకే చదవడం మొదలుపెట్టింది. గొంతు గాలిలాగా వస్తోంది. కల్యాణి గురించి చదివేటప్పుడు చిన్నపిల్లలా నవ్వింది. ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. తర్వాత తోడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“హరీ, నేను తోడి పూర్తి చెయ్యలేదు గదరా.”

నేను వంగి ఆ వాక్యం వైపు చూశాను.

“చరణం కాడ గొంతు మూసుకుపోయింది. మూడుసార్లు ఎత్తుకున్నా, రాలా. మంగళం పాడనే లేదు. నీకు చెప్పొద్దని చంద్రమౌళికి నేనే చెప్పినా. యాడన్నా వెనకాల నిలబడి ఇన్నావేమో, జరిగింది నువ్వే రాస్తావని అనుకున్నా.”

“సిగ్నల్ లేదక్కా... పేజీ మూసేస్తారని...”

“అందరి కచేరీలూ ఇట్టనే రాసినావా?”

అబద్ధం చెప్పడానికి కూడా ధైర్యం లేకపోయింది. “చాలావరకు,” అన్నాను.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పేపరు మడిచి, ఎప్పటిలాగే పక్కన పెట్టింది. “జరిగింది రాయి. గొంతు పోయిందనే రాయి. నేను తిరిగొచ్చే లోపల వేయించు,” అంది. అక్క నాతో గొంతుతో చెప్పిన చివరి మాటలు అవే. ఆపరేషన్ బాగానే జరిగింది, మనిషి దక్కింది. గొంతు రాలేదు.

సవరణ వెయ్యమని షారన్‌కు ఫోన్ చేశాను. “ఎవరూ గమనించలేదు గదా సార్. ఇప్పుడు గొంతు పోయిందని వేస్తే అక్కగారికి చిన్నతనం గాదా?” అంది. ఒళ్ళు మండి, వెయ్యకపోతే ఇక నా పేరుతో ఏమీ వెయ్యొద్దన్నాను. వేస్తానంది. కానీ వెయ్యడానికి నా దగ్గర ఏముంది? ఆ సగం నేను వినలేదు. చంద్రమౌళి దగ్గరికి వెళితే, “వినడానికే గదా నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. పోయి ఆ పాలెం వాళ్ళనే అడుక్కో,” అని లోపలికి వెళ్ళిపోయాడు. పాలేనికి వెళ్ళాను.

ముత్యాలయ్య చెప్పడానికి తడబడ్డాడు. చేపలమ్మే ముసలమ్మ చెప్పింది.

“గొంతు రాకపోయేసరికి ఆ యమ్మ నీ కుర్చీ దిక్కు చూసిందయ్యా. కాసేపటికి మైకు పక్కకి జరిపేసింది. మా పిలకాయలు ముందర కూర్చోనుండారు గదా, వాళ్ళని దగ్గరికి పిలిచి మెల్లింగా ఒక పాట పాడింది. పాట గాదు, గాలి. అందరం ఎగబడి దగ్గరికి పోయినాం. మా కోడలు ఏడ్చింది, నేను గూడా ఏడ్చినా.”

“ఏం పాటమ్మా అది? ఒక్క మాటన్నా గుర్తుందా?”

“మాకేం తెలుసు సామీ. పేపర్లో రాసేది నువ్వు గదా!”

ఎత్తిపొడవాలని అనలేదు ఆమె. నిజంగానే నాకు తెలుసనుకుంది. తల ఎత్తలేక వచ్చేశాను.

నిన్న అక్క దగ్గరికి వెళ్ళాను. గొంతు మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. పక్కన పలక పెట్టుకుని, కావలసింది దాని మీద రాస్తోంది. చివర పిల్లలకు పాడింది ఏ పాటో రాయమని పలక ఆమె చేతికిచ్చాను. పేరు తెలిస్తే చాలు, నా సవరణ పూర్తవుతుంది.

అక్క పలక కింద పెట్టేసింది. నన్ను ఎదురుగా కూర్చోమని చేత్తో చూపింది. కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ పాడడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. ఒక చోట చెయ్యి పైకి లేచింది, అక్కడ పై స్థాయి కాబోలు. శబ్దం లేదు. పెదవులు చూసి మాటలు పట్టుకోవాలని ముందుకు వంగాను. ఆది తాళమని తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే అదీ సరిగ్గా చూడలేకపోయాను. అక్క మాత్రం తొందరపడలేదు. ఒక్క చరణం కూడా వదలకుండా మొత్తం పాడింది.

అయ్యాక కళ్ళు తెరిచి, ఎలా ఉందన్నట్టు నా ముఖంలోకి చూసింది.

“బాగుందక్కా,” అన్నాను. అదీ వినకుండానే అన్నాను.