లోతుగా దిగిన పాదం

చంకనెక్కిన ఆ బిడ్డ పెద్దయ్యాక, తనను మోసినామెను గుర్తుపెట్టుకున్నాడా? కాపలాదారును ఏళ్లుగా వదలని సందేహం ఇది. ఆ పొద్దున కూడా మెత్తటి కుంచెతో రాతిలోని పాత అడుగుజాడల మీది దుమ్ము దులుపుతూ అదే అనుకున్నాడు.

వేల ఏళ్ల కిందట అక్కడ పెద్ద చెరువు ఉండేదట. వానలు తరతరాలపాటు ముఖం చాటేస్తే నీళ్లు వెనక్కి పోయాయి. మనుషులు ఆ నీళ్లను వెతుక్కుంటూ బురదలో నడిచి ఎటో వెళ్లిపోయారు. బురద రాయయింది. అందులో ఒక ఆడమనిషి ఎడమ పాదం మాత్రం లోతుగా దిగింది. కొంత దూరం పోయాక పక్కన చిట్టి పాదాలు కనిపించి, మళ్లీ మాయమవుతాయి. బిడ్డను ఎడమ చంకన మోస్తూ, దింపి, మళ్లీ ఎత్తుకుందని తవ్వకాలకొచ్చిన పెద్దసార్లు చెప్పారు. వాన ఆపిన దేవుడే ఆమెకు ఆ ఓపికా ఇచ్చాడా? అతనికి అంతుపట్టలేదు.

అతని చిన్నప్పుడూ ఊరి బావులన్నీ ఎండిపోయాయి. వలస దారిలో వదిన నీళ్లకుండ దింపేసి, అతన్ని చంకనెత్తుకుంది. ఆ నడకలో పట్టేసిన నడుము మళ్లీ నిటారు కాలేదు.

అలాంటి వదిన ఒకసారి గేటు దాకా వస్తే, ఆమె చిరుగుల చీర చూసి, టికెట్లామెతో “తెలిసిన ముసలావిడ” అన్నాడు. వదిన విన్నది. అయినా ఆ అడుగులు చూపించమని అప్పుడప్పుడూ అడిగేది. ఇదిగో అదిగో అని దాటేశాడు. ఇప్పుడామెకు ముద్ద దిగడం లేదు.

సెలవు రోజైతే ఎవరూ చూడరని ఈ రోజే తీసుకొచ్చాడు. అలా ఎంచుకున్నందుకూ సిగ్గేసింది. మెట్ల దగ్గర కూర్చుని ఎక్కమన్నట్టు వీపు వంచాడు.

“మోస్తావుట్రా? నడుం పట్టేస్తే నన్ననకు.”

కిందికి దిగాక కర్రను ఇనుప కమ్మీకి ఆనించి, ఆమె ఆ అడుగుల్ని చాలాసేపు చూసింది.

“చంక మార్చుకోవాలని కూడా తోచలేదు పిచ్చిదానికి.”

“నువ్వు మార్చుకున్నావా వదినా?”

“ఎక్కడరా! అటు మారిస్తే ఏడ్చి చచ్చేవాడివి.”

అతను వంగి ఆమెను మళ్లీ వీపుకెత్తుకున్నాడు.

పైకి ఎక్కుతుంటే ఆమె గడ్డం అతని భుజానికి ఆనింది. ఊపిరి మెడకు వెచ్చగా తగిలింది. మరిచిపోయిన కళ్లజోడు కోసం వచ్చిన టికెట్లామె గేటు దగ్గర ఎదురై, ఎవరండీ అని అడిగింది.

“మా వదిన. నన్ను మోసి పెంచింది,” అన్నాడు, వీపు మీదామెకు వినపడేలా.

ఇన్నాళ్లకు నోరు పెగిలిందా అని దెప్పుతుందేమోనని ఆగాడు. మెడ మీద ఆ వెచ్చదనం లేదు. భుజం మీది తల బరువెక్కింది. ఊపిరి మెట్ల మీదే ఆగిందో, ఈ మాట విన్నాకే ఆగిందో అతనికి తెలియలేదు.

కింద, లోతుగా దిగిన ఆ పాదం పక్కన, కమ్మీకి ఆనించిన కర్ర అలాగే ఉండిపోయింది.