తీసినవారి గడి

మా అత్తగారికి నెలనెలా షుగర్ పరీక్షకి రక్తం తీసేది నేనే. స్టవ్ మీద పాలు పొంగకుండా ఓ కన్నేసి ఉంచి, ఆవిడ చేతికి రబ్బరు పట్టీ బిగిస్తాను. "గుచ్చినట్టే తెలీలేదే అమ్మాయ్!" అంటుంది. అదే నోటితో కొడుకు వైపు తిరిగి, "ఈ వయసులో దీనికి సర్టిఫికెట్ పరీక్షలేమిట్రా? వంట ఎవరు చూస్తారు?" అంటుంది. మా ఆయన ఫోన్లోంచి తలెత్తరు. "ఆ సర్టిఫికెట్ లేకపోతే సూది దిగనంటుందా?"

దిగుతుంది. పదకొండేళ్లుగా దిగుతూనే ఉంది. కానీ వచ్చే నెల నుంచి సర్టిఫికెట్ లేనివాళ్లు సూది ముట్టుకోకూడదని నేను హెల్పర్‌గా పనిచేసే ల్యాబ్‌లో నోటీసు అంటించారు. అది ఉంటే పెద్దాసుపత్రిలో పిలిచి మరీ ఉద్యోగమిస్తారట, లేకపోతే నేను ట్యూబులు కడుక్కోవాలి. పరీక్షకి కూర్చోవాలంటే నేను వందమందికి రక్తం తీసినట్టు రిజిస్టర్ నకలు జతచేయాలి. వంద ఎంత, నాకు మూడ్రోజుల పని. నిన్న ఆశగా పాత రిజిస్టర్లన్నీ తిరగేశాను. 'తీసినవారు' గడిలో మా టెక్నీషియన్ సంతకం, పక్కనే 'పరిశీలించినవారు' గడిలోనూ అతని సంతకమే. "నువ్వు తీసెయ్ అక్కా, రాతకోతలు నేను చూసుకుంటా" అంటుంటే, పాపం సాయం చేస్తున్నాడనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉంటుందా! ఒళ్లు మండిపోయింది. ఇంట్లో చెబితే ఆయన నవ్వారు. "హెల్పర్‌కి సంతకమెందుకోయ్?"

ఈరోజు పొద్దున ఒక ముసలాయన వచ్చాడు. చేతులు ఎండిపోయి ఉన్నాయి, నరం దొరకదు. టెక్నీషియన్ రెండుసార్లు గుచ్చాడు. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎప్పటిలాగే లోపలికి కేక వినిపించింది, "అక్కా, ఓసారి రా!"

వెళ్లాను. ఆ చేతిని నా అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, వేలికొసతో తడిమి చూశాను. మోచేతి మడతకి కాస్త పక్కగా నరం తగిలింది. ఒక్కసారికే ట్యూబు నిండింది. "చల్లగా ఉండమ్మా," అన్నాడు ముసలాయన.

టెక్నీషియన్ అలవాటుగా రిజిస్టర్ కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. పెన్ను తీసి 'తీసినవారు' గడిలో నా పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా రాశాను.

"అక్కా, అది నా గడి!"

"నీది పక్కది," అని రిజిస్టర్ అతని వైపు తిప్పాను. "నేను తీయడం కళ్లారా చూశావుగా, సంతకం పెట్టు. ఇంకా తొంభై తొమ్మిది ఉన్నాయి."