నాలుగు తీగల బరువు

“నాలుగు తీగలకే నీ భుజం పడిపోతే, ఆరు తీగలు వాయించే మావాడి గతేంటమ్మా?” అంది అత్తగారు.

తడి దుప్పటి దండెం మీద వెయ్యబోయిన కోడలి చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. దుప్పటి నీళ్లోడుతూ మోచేతి మీదే వేలాడింది. అత్తగారు కుర్చీలోంచి కదల్లేదు, లెక్క మాత్రం చెప్పింది. ఆరులోంచి నాలుగు తీస్తే రెండు. కాబట్టి కోడలికి కొడుకు కంటే రెండు తీగల నొప్పి తక్కువ ఉండాలి. ఆ ఇంట్లో అందరికీ ఇలాంటి లెక్కలే వచ్చు.

బాస్ గిటార్‌కి తీగలు నాలుగే. కానీ ఒక్కొక్కటి పలుపుతాడులా ఉంటుంది. ఆ లాగుడికి ఓర్చుకోవాలంటే కొయ్య దిట్టంగా ఉండాలి. ఆమె వాయించేది మరీ పాతకాలపుది, అయిదు కిలోల పైమాటే. అసలు బావగారి కోసం కొన్నారు. ఆయన రెండు నెలలు వాయించి, వేళ్లు బొబ్బలెక్కాయని మంచం కిందకి తోసేసి, వేరే ఊరు ఉద్యోగానికి పోయాడు. భర్తది లీడ్ గిటార్, పాట కూడా ఆయనదే. మరిదిది డ్రమ్స్. హోటల్ వాళ్లు బాస్ లేని బ్యాండ్ వద్దన్నారు. “నువ్వు ఖాళీయే కదా, నేర్చుకో” అన్నాడు భర్త. నలుగురికి వంట, నలుగురి బట్టలు, అత్తగారి కాళ్లకి తైలం, మరిది షర్టులకి ఇస్త్రీ. ఇవన్నీ అయ్యాక మిగిలే దాన్ని ఆయన ఖాళీ అంటాడు.

నేర్చుకుంది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, కుక్కర్ కూతల మధ్య నేర్చుకుంది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం అన్నిటికంటే లావు తీగని ఊరికే ఒకసారి మీటితే, ఆ చప్పుడు చెవిలోకి రాలేదు. మడమల్లోంచి ఎక్కింది. నేల కింద నుంచి ఎవరో పెద్దమనిషి “ఊఁ” అన్నట్టు అనిపించింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. ఇది నాది అనుకుంది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆమె నాది అనుకున్న మొదటిది అదే. అందుకే భుజం లాగుతున్నా ఆరేళ్లు నోరు మూసుకుంది. నొప్పి అంటే మానెయ్ అంటారు. మానెయ్ అనే మాట వాళ్లకి నాలుక చివరే ఉంటుంది.

హోటల్లో వారానికి నాలుగు సాయంత్రాలు, భోజనాల హాల్లో వాయింపు. డ్రమ్స్ అక్కడే ఉంటాయి. భర్త తన గిటారూ జేబులో దువ్వెనా పట్టుకుని వ్యాన్ దిగుతాడు. ఆమె ఎడం భుజానికి బాస్ తగిలించుకుని, రెండు చేతులతో ఆంప్లిఫయర్ బాక్సు ఎత్తుకుని వెనకదారి మెట్లెక్కుతుంది. బాక్సు ఒక్కటే పద్దెనిమిది కిలోలు. మొదట్లో ఒకసారి సాయం అడిగింది. “ఎవరి వాయిద్యం వాళ్లు మోసుకోవాలి. మ్యూజిక్‌లో అది పద్ధతి” అన్నాడాయన. ఇంటికొచ్చాక ఎవరి కంచం వాళ్లు కడుక్కోవాలనే పద్ధతి మాత్రం మ్యూజిక్‌లో లేదనుకుంటా.

చివరికి ఎడం చేతి చిటికెన వేలు తిమ్మిరెక్కి, ఒక రోజంతా తిమ్మిరి దిగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ మెడా భుజమూ నొక్కి చూసి, ఏమేం మోస్తావని అడిగింది. విని, “ఇలాగే ఇంకో ఆర్నెల్లు మోస్తే ఈ వేళ్లతో తీగ నొక్కలేవమ్మా. బరువు తగ్గించు” అంది.

ఆ మాట ఇంట్లో చెప్పింది.

“ఎవరి బరువు? నీదా?” అన్నాడు భర్త. తమ్ముడి వైపు చూశాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వు అయ్యాక భర్త కాస్త పెద్దమనిషి గొంతు పెట్టాడు. “అయినా బాస్ ఎవడికి వినపడుతుందే? ఒకటో తారీఖు నుంచి కీబోర్డువాణ్ణి పెట్టుకుంటే, ఎడం చేత్తో ఆ నాలుగు ముక్కలూ వాడే కొట్టేస్తాడు. నువ్వు హాయిగా ఇంట్లో రెస్టు తీసుకో.”

రెస్టు అంటే దండెం, గిన్నెలు, తైలం. అన్నీ ఉంటాయి, ఆ “ఊఁ” ఒక్కటే ఉండదు. “ఒకటో తారీఖు దాకా ఆగండి, తేలికపాటి బాస్ ఏదైనా చూసుకుంటాను” అంది. ఆయన భుజాలెగరేశాడు. ఆ భుజాలు సులువుగానే ఎగురుతాయి.

ఆదివారం కూరగాయలు తీసుకుని ఇంటికొచ్చేసరికి హాల్లో పాత పేపర్లు పరిచి, వాటి మీద బాస్‌ని బోర్లా పడుకోబెట్టారు. మరిది చేతిలో డ్రిల్లింగ్ మెషిన్. భర్త మోకాలితో దాన్ని తొక్కిపట్టి ఉన్నాడు. వీపు భాగమంతా గుంటలు గుంటలుగా తవ్వేశారు. సోఫా మీదా, దేవుడి పటం మీదా, అత్తగారి జుట్టు మీదా కొయ్యపొట్టు.

“కిలోన్నర తగ్గించాం వదినా! బరువు చూసే మెషిన్ మీద తూచాం కూడా.”

“నీకోసం సెలవు పాడుచేసుకున్నాం” అన్నాడు భర్త, నుదుటి చెమట చూపిస్తూ.

“అదృష్టవంతురాలివి. మా రోజుల్లో మగాళ్లు ఇంత పట్టించుకునేవారు కాదు” అంది అత్తగారు, జుట్టులోంచి పొట్టు దులుపుకుంటూ.

పొట్టు ఎవరు ఊడ్చారో చెప్పక్కర్లేదు.

ఊడ్చాక బాస్ భుజానికి తగిలించుకుని నిలబడింది. అది తన పొడుగాటి కొయ్య మెడ వాల్చేసింది. తక్కెడలో ఒక పళ్లెం తేలికైతే రెండోది దిగుతుందని ఉప్పు అమ్మేవాడికి కూడా తెలుసు. పొట్టలోంచి బరువు తీసేస్తే, తీగలు బిగించే బిరడాలుండే చివర నేలకి దిగదా? ఇప్పుడు ఎడం చేత్తో తీగలు నొక్కడమే కాదు, ఆ మెడని పైకెత్తి పట్టుకోవాలి. అదీ ఆ జబ్బు చేతితోనే.

“మెడ కిందికి వాలిపోతోందండీ.”

“పట్టుకో మరి. ఇంత తేలిక చేసిపెట్టినా ఏడుపేనా?”

ఆ వారం పక్క వేలు కూడా తిమ్మిరెక్కింది. స్టేజి మీద వెనక నిలబడి ఆమె ఆయన వీపు చూస్తుండేది. ఇస్త్రీ మడత చెడని షర్టు. ఆ మడత తనదే. ఆయన కళ్లు మూసుకుని, గిటారుని గుండెకి హత్తుకుని, ప్రపంచంలోని బాధంతా తానే పడుతున్నట్టు మొహం పెడతాడు. భోజనాలవాళ్లు ముగ్ధులైపోతారు. ఈయనకి ఎక్కడ నొప్పి? చెప్పు కరిచినా మూడు రోజులు మంచం దిగని మనిషి. ఒకప్పుడు ఆ మొహం చూసి ఆమె కూడా కరిగిపోయింది. ఇప్పుడు చూస్తే, పాల ప్యాకెట్ ఎక్కడ పెట్టావని అరిచే మొహమే గుర్తొస్తుంది. రెండూ ఒకటే మొహం. ఇన్నాళ్లూ ఇది గమనించని తన తెలివికీ ఒక దణ్ణం పెట్టుకుంది.

వంతెన పక్క సందులో వాయిద్యాలు బాగుచేసే కొట్టు ఉంది. నడిపేది యాభై దాటిన ఒక ఆడమనిషి. అందరూ మెకానికమ్మ అంటారు. హోటల్ హాల్లో మైకులూ స్పీకర్లూ బిగించింది కూడా ఆవిడే. బుధవారం మధ్యాహ్నం బాస్ తీసుకుని అక్కడికి వెళ్లింది. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చూసి కళ్లజోడు పైకి నెట్టింది.

“ఎలుకలు కొట్టాయా?”

“ఆఁ. రెండు.”

“పెద్దవేనా?”

“చిన్నదానికి ముప్ఫై ఏళ్లుంటాయి.”

మెకానికమ్మ నవ్వలేదు. నిచ్చెన వేసుకుని గోడ మీంచి మూడు బాస్‌లు దించింది. ఒకటి తేలిగ్గానే ఉంది గానీ దానిదీ వాలే మెడే. రెండోది నిలకడగా ఉంది గానీ బరువు. మూడోది పొట్టిది. మెడ ఒక జానెడు తక్కువ, పొట్ట చిన్నది, పట్టీ తగిలించే పై కొమ్ము మాత్రం పొడుగ్గా ముందుకొచ్చి ఉంది. మూడు కిలోలు కూడా లేదు. దానికి అరచెయ్యంత వెడల్పు మెత్తటి పట్టీ వేసి ఇచ్చింది.

“వాయించకు. ముందు తగిలించుకుని నిలబడు. ఇప్పుడు రెండు చేతులూ వదిలెయ్.”

వదిలేసింది. బాస్ మెడ కదల్లేదు. ఎలా పెట్టిందో అలాగే ఉంది.

“పావుగంట అలాగే ఉండు. మొదటి నిమిషం ఏ బాస్ అయినా తేలికే” అని ఆవిడ తన పనిలో పడింది. ఆమె చేతులు కిందికి వేలాడేసి నిలబడింది. ఏమీ పట్టుకోకుండా పావుగంట నిలబడి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. తర్వాత ఆవిడ వచ్చి పట్టీ బిగించి, బాస్‌ని డొక్కల మీదికి పైకి జరిపింది. మణికట్టు వంగకుండా తిన్నగా వచ్చింది. లావు తీగ మీటింది. మడమల్లోంచి ఎక్కింది అదే “ఊఁ”. పొట్టిదని తగ్గలేదు.

“మగాళ్లు దీన్ని పిల్లల బొమ్మంటారు. అందుకే ఇంకా ఇక్కడుంది” అంది మెకానికమ్మ. “బాస్ సరే, ఇంకేం మోస్తున్నావు? ఇదొక్కటే అయితే భుజం ఇంతలా పోదు.”

“బాక్సు. హోటల్‌కి.”

“ఏ బాక్సు?”

“ఆంప్ బాక్సండీ. స్టేజి మీద మా వెనకాల ఉంటుంది చూడండి.”

ఆవిడ పని ఆపింది. “అదెందుకమ్మా నీకు? హాల్లో లైను ఉంది. ఇదిగో ఇంత డబ్బీలో వైరు గుచ్చితే చాలు, హాలు స్పీకర్లలోంచి వస్తుంది. నేనే పెట్టాను. మొదటి రోజే మీ ఆయనకి చూపించాను కదా.”

“ఏమన్నాడు?”

“వెనకాల పెద్ద బాక్సు లేకపోతే స్టేజి బోసిగా ఉంటుందన్నాడు.”

ఆమెకు కోపం రాలేదు. కోపం రావడానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. ఇన్నాళ్లూ ఆయనకి తెలియదనుకుంది. తెలియనివాణ్ణి చూసి విసుక్కోవచ్చు, జాలిపడొచ్చు, చెప్పి చూడొచ్చు. ఆయనకి తెలుసు. ఆరేళ్లుగా, ఆమె రొప్పుతూ మెట్లెక్కుతుంటే దువ్వెన తీసి తల దువ్వుకున్న ప్రతిసారీ తెలుసు. ఆమె మోసింది వాయిద్యం కాదు, ఆయన వీపు వెనక అందానికి పెట్టే సామాను. చెప్పులో రాయి దొరికినప్పుడు దాన్ని తిట్టుకుంటూ కూర్చోం, దులిపేస్తాం. భర్త అనే మాట ఆమె లోపల అలా ఎక్కడో రాలిపోయింది. చప్పుడు కూడా కాలేదు.

“నీ పాతదాని బిరడాలూ లోపలి సామానూ బాగున్నాయి. అవి నాకిస్తే ఇది నీది” అంది మెకానికమ్మ. “శుక్రవారాలు స్టేషను రోడ్డు హాల్లో మేం ముగ్గురు ఆడవాళ్లం వాయిస్తాం. మా బాస్ మనిషి వేరే ఊరెళ్లిపోయింది. వస్తావా?”

“వస్తాను” అంది. ఇంట్లో అడిగి చెప్తాను అనే మాట నాలుక దాకా కూడా రాలేదు.

గురువారం హోటల్లో వ్యాన్ దిగి, పొట్టి బాస్ ఒక్కటే తీసుకుని మెట్లెక్కింది.

“బాక్సేదే?” అన్నాడు భర్త.

“వ్యాన్లో.”

“తే మరి.”

“మీకు కావాలంటే తెచ్చుకోండి.” డబ్బీలో వైరు గుచ్చి మీటింది. హాలు నాలుగు మూలల నుంచీ వచ్చింది చప్పుడు. బల్లల కింద పాదాలు ఒక్కొక్కటే కదిలాయి. ఆ సాయంత్రం మెకానికమ్మ కూడా వచ్చింది. దూరంగా సౌండు మీటల దగ్గర కూర్చుని, ఇంకాస్త పెంచింది. భర్త రెండు పాటల్లో నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది.

“పెద్దాడి గిటారు ఏం చేశావే?” అంది అత్తగారు.

“ఇచ్చేశాను.”

“ఎవర్నడిగి?”

“తవ్వేటప్పుడు మీరెవర్నడిగారో వాళ్లనే.”

మరిది తలొంచుకుని ఫోన్ చూసుకున్నాడు. అత్తగారు కొడుకు వైపు చూసింది. కొడుకు గోడ వైపు చూశాడు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి పొయ్యి వెలగని వంటిల్లు చల్లగా ఉంది. ఆమె జడ వేసుకుని, చీర మార్చుకుని, బాస్ సంచిలో పెట్టి జిప్ లాగుతోంది.

“ఎక్కడికి? ఇవాళ హోటల్ లేదుగా” అన్నాడు భర్త.

“వేరేవాళ్లతో వాయిస్తున్నాను. ఇక నుంచి ప్రతి శుక్రవారం. ఒకటో తారీఖు దాకా మీకూ వాయిస్తాను. ఆ తర్వాత మీ కీబోర్డువాడు వస్తాడుగా.”

ఆయన నవ్వాడు. ఈసారి పక్కన ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వ్యాన్ తాళంచెవి తీసి జేబులో వేసుకుని, జేబు మీద తట్టి చూపించాడు.

“బండి నేనివ్వను. ఆ సామానంతా ఎలా మోసుకెళ్తావో నేనూ చూస్తాను.”

ఆమె సంచిని కుడి భుజానికి తగిలించుకుంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంది.

“సామానేం లేదండీ. నడిచే వెళ్తాను.”